ఎడమ అంచున చిన్న మూపురం

ప్లాంక్ ఉపగ్రహం 2018లో ఇచ్చిన తుది ఫలితాల్లో ఒక గ్రాఫు ఉంది. విశ్వ నేపథ్య వికిరణంలోని ధ్రువణం ఆకాశంలో ఏ కోణం దగ్గర ఎంత ఉందో చెప్పే గీత అది. చూసినవాళ్ల కళ్లు ముందు కుడివైపుకే వెళతాయి. అక్కడ శిఖరాలు వరసగా లేచి పడుతుంటాయి. విశ్వం పుట్టిన కొత్తలో, పదార్థమంతా మరిగే ద్రవంలా ఉన్నప్పుడు, అందులో సాగిన ధ్వని తరంగాల ముద్రలవి. ఎత్తుగా, తీరుగా, సిద్ధాంతం గీసిన గీత మీద తూచినట్టు కూర్చుని ఉంటాయి. మెచ్చుకోకుండా ఉండలేం. నా చూపు మాత్రం ప్రతిసారీ ఎడమ అంచుకు జారుతుంది. అక్కడ గీత పూర్తిగా నేలకు దిగిపోవలసింది. దిగదు. ఆఖరి క్షణంలో కాస్త పైకి లేస్తుంది. చిన్న మూపురం. కుడివైపు శిఖరాల ముందు అది వెయ్యోవంతు కూడా ఉండదు. రెండింటినీ ఒకే కొలతలో గీస్తే అసలు కనబడదు కనుక ఎడమ భాగాన్ని విడిగా పెద్దది చేసి చూపిస్తారు.

విశ్వంలో తొలిసారి వెలిగిన నక్షత్రాలూ, వాటితో కట్టుకున్న తొలి గెలాక్సీలూ తమ చుట్టూ ఉన్న హైడ్రోజన్‌ను చీల్చి ఎలక్ట్రాన్లను బయటికి తోశాయనడానికి ఆ మూపురం సాక్ష్యం. అందులో నక్షత్రం ఒక్కటీ కనిపించదు. వెలుగు కూడా వాటిది కాదు. వాటికన్నా ఎంతో పాతదైన మరో వెలుగు దారిలో ఎక్కడో ఒకసారి తట్టుకుని, దాని కంపనం ఒక దిశకు రవ్వంత మొగ్గిందంతే. ఆ రవ్వ విలువ ఉష్ణోగ్రతగా చెబితే డిగ్రీలో కోటివంతులు రెండో మూడో. దాన్నిబట్టి ఒక యుగాన్ని చదువుతున్నారు.

గ్రాఫుకు రసవిమర్శ ఏమిటని అనిపించవచ్చు. చెప్పేదాన్ని చెప్పకుండా స్ఫురింపజేయడం కావ్యానికి ప్రాణమైతే, ఇంత నిండుగా స్ఫురింపజేసిన రచన ఈ కాలంలో నాకు మరొకటి దొరకలేదు. ఈ సాక్ష్యం చరిత్రలో ఇంకో విశేషం ఉంది. ఇరవై ఏళ్లకు పైగా ఇది దాదాపు కొలిచిన ప్రతిసారీ చిన్నదవుతూ వచ్చింది. గొంతు తగ్గించుకున్న కొద్దీ దీని అందం పెరిగిందన్నదే నా వాదన.

*

ఈ మాట హిజ్లీ నుంచి చెప్పడానికి కారణాలున్నాయి. హౌరా నుంచి మద్రాసు వైపు వచ్చే దారిలో ఖరగ్‌పూర్ దాటగానే తగిలే స్టేషను ఇది. తెలుగువాళ్లకు పరాయి చోటు కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్‌లో వర్క్‌షాపు పెట్టిన నాటినుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల జనం ఈ పట్టాల వెంటే వచ్చి, రైల్వే క్వార్టర్లలో తరాలకు తరాలు స్థిరపడ్డారు. గోల్‌బజారులో బేరం బెంగాలీలో మొదలై హిందీలో సాగి తెలుగులో తెగడం ఇక్కడ మామూలు. ఆ ఊరి పక్కనే హిజ్లీలో 1930లో ఆంగ్ల ప్రభుత్వం రాజకీయ ఖైదీలకు నిర్బంధ శిబిరం పెట్టింది. 1931 సెప్టెంబరు 16న నిరాయుధులైన ఖైదీల మీద కాల్పులు జరిపి సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తాలను చంపింది. రవీంద్రనాథ్ ఠాగూరు ఆ ఘాతుకాన్ని బహిరంగంగా ఖండించాడు. ఇరవై ఏళ్లకు, 1951లో, అదే భవనంలో దేశపు మొదటి ఐఐటీ చదువులు మొదలయ్యాయి.

ఆ ఐఐటీ భౌతికశాస్త్ర విభాగంలో సోమనాథ్ భరద్వాజ్, ఆయన శిష్యులు ఇరవై ఏళ్లకు పైగా చేస్తున్న పని మనం మాట్లాడుకుంటున్న యుగం గురించే. వాళ్ల దారి వేరు, దాని సంగతి తర్వాత. మూపురాన్ని చదవడానికి అవసరమైన రెండు విద్యలకూ ఈ రైలు దారితో చుట్టరికం ఉందన్నది ముందు చెప్పాలి.

మొదటిది అయనీకరణం. ఎంత వేడిలో, ఎంత సాంద్రతలో పరమాణువు తన ఎలక్ట్రాన్‌ను వదులుకుంటుందో తేల్చే సమీకరణాన్ని 1920లో ఇచ్చినవాడు మేఘనాద్ సాహా, కలకత్తా విశ్వవిద్యాలయంలో. సూర్యుడి బయటి పొరల్ని అర్థం చేసుకోవడానికి రాసిన ఆ సమీకరణమే విశ్వం తొలిసారి ఎప్పుడు తేటపడిందో కూడా చెప్పింది. ఒక్కో ప్రోటాన్‌కు వందకోట్లకు పైగా కాంతి కణాలు చుట్టూ ఉన్న ఆ లోకంలో, వేడి దాదాపు 3000 డిగ్రీలకు దిగేదాకా ఎలక్ట్రాన్లు పరమాణువుల్లో కుదురుకోలేకపోయాయి. అది విశ్వం వయసు 3,80,000 ఏళ్లప్పటి మాట. అప్పుడు అడ్డు తొలగి బయలుదేరిన కాంతే నేటి నేపథ్య వికిరణం. విశ్వంతో పాటు సాగి సాగి, చల్లబడి, ఇప్పుడు 2.725 డిగ్రీల కెల్విన్ దగ్గర మైక్రోవేవ్‌గా మనకు అందుతోంది.

రెండో విద్య ధ్రువణం. దీని కథ విశాఖ మీదుగా వస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో గోడె వెంకట జగ్గారావు విశాఖలో సొంత వేధశాల కట్టాడు. ఆయన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు దాన్ని కొనసాగించి, గ్రహణాలనూ గ్రహాల సంక్రమణాలనూ పరిశీలించి లండను సంఘాలకు రాసి పంపాడు. ఆయన పేరే విశాఖలోని మిసెస్ ఏవీఎన్ కాలేజీకి ఉంది. చంద్రశేఖర అయ్యరు అక్కడ గణితం, భౌతికశాస్త్రం చెప్పడానికి వచ్చినప్పుడు వెంట నాలుగేళ్ల కొడుకు ఉన్నాడు. సి.వి. రామన్ చదువు విశాఖ సముద్రం పక్కనే మొదలైంది.

ఆ రామన్ 1921లో, కలకత్తా ఆచార్యుడిగా, ఇంగ్లండు నుంచి నార్కుండా ఓడలో తిరిగొస్తూ మధ్యధరా సముద్రపు నీలాన్ని చూశాడు. అది ఆకాశపు నీలానికి ప్రతిబింబమేనని లార్డ్ రేలీ అంతటివాడు చెప్పి ఉన్నాడు. రామన్ దగ్గర ఒక నికోల్ పట్టకం ఉంది. కాంతి కంపించే దిశను బట్టి కొంత పోనిచ్చి కొంత ఆపేసే స్ఫటికం. దాన్ని తగిన కోణంలో పట్టుకుంటే నీటి పైన తళతళలాడే ప్రతిబింబం తుడిచిపెట్టుకుపోయింది. నీలం పోలేదు, ఇంకా చిక్కబడింది. రంగు నీటి లోపలిదేనని తేలింది. కాంతి ఎక్కడ పుట్టిందన్నది ఒక సంగతి, చివరిసారి ఎక్కడ తట్టుకుని మన దగ్గరికి వచ్చిందన్నది మరో సంగతి. ఆ రెండో సంగతిని కాంతి తన ధ్రువణంలో దాచుకుంటుంది. ఓడ మీద రామన్ వాడిన ఈ సూత్రంతోనే మూపురాన్నీ చదవాలి.

*

ఇప్పుడు దాని నిర్మాణం చూద్దాం. కావ్యంలో సంధులూ సమాసాలూ విడదీసినట్టు విడదీస్తే గాని దీని పొందిక తెలియదు.

బంధం లేని ఎలక్ట్రాన్ ఒకటి ఉందనుకోండి. దాని మీద కాంతి పడితే ఊగుతుంది, ఊగుతూ కాంతిని పక్కలకు చెదరగొడుతుంది. పక్క నుంచి చూసేవాడికి ఆ చెదిరిన కాంతి ఒకే దిశలో కంపిస్తుంది. అంటే ధ్రువణం వచ్చింది. నాలుగు దిక్కుల నుంచీ ఒకే తీరు కాంతి పడితే ఒకదాని ధ్రువణాన్ని ఇంకోటి చెరిపేస్తుంది. తూర్పు పడమరల నుంచి కాస్త వెచ్చటి కాంతి, ఉత్తర దక్షిణాల నుంచి కాస్త చల్లటి కాంతి వచ్చినప్పుడే చెరగని శేషం మిగులుతుంది. కనుక ధ్రువణం కనబడాలంటే రెండూ ఉండాలి: విడివడ్డ ఎలక్ట్రాను, దానికి కనిపించే ఆకాశంలో ఈ నాలుగు దిక్కుల తేడా. నేపథ్య వికిరణంలో ఇలాంటి ధ్రువణం ఉండవచ్చని 1968లోనే మార్టిన్ రీస్ లెక్కగట్టాడు. దాన్ని నిజంగా పట్టుకోవడానికి 34 ఏళ్లు పట్టింది. 2002లో దక్షిణ ధ్రువం దగ్గరి డాసీ పరికరం తొలిసారి చూసింది. అది చూసింది కుడివైపు శిఖరాల తాలూకు ధ్రువణం.

ఎడమ అంచు కథ ఇంకా తర్వాతది. 3,80,000 ఏళ్లప్పుడు ఎలక్ట్రాన్లన్నీ పరమాణువుల్లో సర్దుకున్నాక విశ్వంలో చెదరగొట్టేవాడు లేడు. పాత వెలుగు సాగి పరారుణంలోకి జారిపోయింది, కొత్త వెలుగు ఇంకా పుట్టలేదు. ఖగోళ శాస్త్రజ్ఞులు చీకటి యుగాలనే ఈ విరామం కోట్ల ఏళ్లు సాగింది. ఆ చీకట్లో కృష్ణపదార్థం గుంపులు కట్టింది, హైడ్రోజన్ ఆ గుంపుల్లోకి జారింది, అణు హైడ్రోజన్ చల్లబరిచిన మేఘాలు కుంగి మండాయి. హైడ్రోజన్, హీలియం తప్ప మరే మూలకమూ దాదాపు ఎరగని నక్షత్రాలవి. లెక్కల ప్రకారం సూర్యుడికి పదులూ వందల రెట్ల బరువు, ఉపరితలం మీద లక్ష డిగ్రీల వేడి, కొన్ని మిలియన్ల ఏళ్ల ఆయుష్షు. వాటి అతినీల కాంతికి చుట్టూ ఉన్న హైడ్రోజన్ తట్టుకోలేదు. ఎలక్ట్రాన్‌ను ఊడదీయడానికి 13.6 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు, వాటి కాంతి కణాలు అంతకన్నా బలమైనవి. ఒక్కో నక్షత్రం చుట్టూ, ఒక్కో చిన్న గెలాక్సీ చుట్టూ చీలిన వాయువు బుడగలా పెరిగింది. బుడగలు ఒకదాన్నొకటి తాకి కలిసిపోయాయి. విశ్వం వయసు వందకోట్ల ఏళ్లు అయ్యేసరికి పని దాదాపు ముగిసింది. మళ్లీ ఎటు చూసినా ఎలక్ట్రాన్లే. కాకపోతే ఈసారి విశ్వం బాగా విస్తరించి పలచబడింది కనుక అవి దూరదూరంగా ఉన్నాయి. పాత వెలుగులో చాలా భాగం తాకకుండానే దాటిపోయింది. కొంచెం మాత్రం తట్టుకుంది.

ఎంత కొంచెం? చలికాలపు తెల్లవారుజామున హిజ్లీ యార్డులో పలచటి మంచు కమ్మితే దూరపు సిగ్నల్ దీపం ఇంచుమించు మామూలుగానే కనిపిస్తుంది, చుట్టూ ఒక వలయం మాత్రం కొత్తగా చేరుతుంది. మంచు ఎంతో తెలియాలంటే వలయాన్ని చూడాలి, దీపాన్ని చూస్తే తెలియదు. అసలు దీపం ఎంత ప్రకాశమో ముందే తెలియదు కనుక, కాస్త మందగించిందా లేదా అని తేల్చుకోలేం. నేపథ్య వికిరణంలోనూ ఇదే చిక్కు. ఎలక్ట్రాన్ల మంచు ఉష్ణోగ్రత తేడాలను కొద్దిగా అణచివేస్తుంది, కానీ మొదట్లో ఆ తేడాలు ఎంతో మనకు తెలియదు. అణగినదో పుట్టుకే అంతో ఉష్ణోగ్రత ఒక్కటే చెప్పలేదు. ధ్రువణపు వలయం చెబుతుంది. ఈ మంచు మందాన్ని శాస్త్రజ్ఞులు టౌ అనే గ్రీకు అక్షరంతో రాస్తారు. ప్లాంక్ విలువ 0.054. నూరు కాంతి కణాల్లో అయిదు మాత్రమే దారిలో తట్టుకుని దిశ మార్చుకున్నాయన్నమాట.

ఇక నన్ను అన్నిటికన్నా ఎక్కువ కట్టిపడేసేది మూపురం ఉన్న చోటు. గ్రాఫులో ఎడమ అంటే ఆకాశంలో పెద్ద కోణాలు, కుడి అంటే చిన్నవి. తొలి ధ్రువణం కుడివైపు ఉండడానికి కారణం ఉంది. అప్పటి ఎలక్ట్రాన్లకు కనిపించిన లోకం చిన్నది. ఒకటి రెండు డిగ్రీల మేర దాటితే పొంతన పోతుంది. నక్షత్రాలు విడిపించిన ఎలక్ట్రాను వేరు. అది కోట్ల ఏళ్ల తర్వాత కళ్లు తెరిచింది. దాని చుట్టూ, ఎంతో దూరంలో, పాత వెలుగు బయలుదేరిన గోళం కనిపిస్తుంది. దాని పక్క ఎలక్ట్రానుకూ, ఆ పక్కదానికీ ఇంచుమించు అదే దృశ్యం. అందుకే అవి చెదరగొట్టిన కాంతి మన ఆకాశంలో ఇరవై, ముప్పై డిగ్రీలు, ఇంకా పైన, ఒకే వైపు మొగ్గుతుంది. ఇంత విశాలమైన పొంతన 3,80,000 ఏళ్లప్పటి ఎలక్ట్రాన్ల వల్ల కాదు. కాబట్టి అది ఎడమ అంచున ఉందన్న ఒక్క విషయమే అది ఆలస్యంగా వచ్చిందని చెబుతుంది. మరీ ఎడమకు ఉంటే ఇంకా ఆలస్యం, కాస్త కుడికి జరిగితే ఇంకా ముందు. ఎత్తు ఎలక్ట్రాన్ల రాశిని చెబితే, చోటు కాలాన్ని చెబుతుంది. 1997లో మటియాస్ జల్దరియాగా ఈ పెద్ద కోణాల ధ్రువణాన్ని విశదంగా లెక్కగట్టినప్పుడు దాన్ని చూసినవాళ్లెవరూ లేరు. ఎక్కడ వెతకాలో మాత్రం తెలిసింది.

ఆలంకారికులు ఔచిత్యమన్నది ఇలాంటి పొందికనే. మూపురాన్ని పక్కకు జరపలేం, ఎత్తు పెంచలేం, ఒంపు మార్చలేం. ఏది మార్చినా చరిత్ర మారిపోతుంది.

*

ఇక ఈ కృతి పాఠ చరిత్ర. ప్రాచీన కావ్యాలకు ప్రతులు సరిచూసి, ప్రక్షిప్తాలు ఏరేసి, పాఠం నిర్ణయించే పని ఉంటుంది. దీనికీ అదే జరిగింది.

2001లో నాసా పంపిన డబ్ల్యూమ్యాప్ ఉపగ్రహం 2003 ఫిబ్రవరిలో తొలి ఫలితాలు ఇచ్చింది. ఉష్ణోగ్రతనూ ధ్రువణాన్నీ కలిపి చూస్తే టౌ 0.17 వచ్చింది. నూటికి పదహారు కణాలు. అలా రావాలంటే నక్షత్రాలు ఎంతో ముందే, దాదాపు 20 కోట్ల ఏళ్లకే, పెద్ద ఎత్తున వెలిగి ఉండాలి. ప్రపంచమంతా పతాక శీర్షికలు. సిద్ధాంతకర్తలు మహాకాయ నక్షత్రాలతో విశ్వాన్ని రెండుసార్లు అయనీకరించే నమూనాలు కూడా అల్లారు. మూడేళ్ల తర్వాత అదే ఉపగ్రహం మరింత సమాచారంతో మళ్లీ చదివితే విలువ 0.09కి దిగింది, తొమ్మిదేళ్ల సమాచారంతో అక్కడే 0.089గా నిలిచింది. 2015లో ప్లాంక్ 0.066 అన్నది. 2016లో తన ఎక్కువ పౌనఃపున్యాల పరికరంతో 0.055 అన్నది. 2018లో 0.054, దోషం 0.007. అయనీకరణం సగం పూర్తయిన కాలం 20 కోట్ల ఏళ్ల నుంచి దాదాపు 70 కోట్ల ఏళ్లకు జరిగింది.

ఈ దిగుడుకు ముఖ్య కారణం మన ఇల్లే. పాలపుంతలోని ధూళి రేణువులు అయస్కాంత క్షేత్రానికి అనుగుణంగా వరసలో నిలిచి తమ సొంత ధ్రువణంతో మెరుస్తాయి. అదే క్షేత్రంలో తిరిగే ఎలక్ట్రాన్లు రేడియో తరంగాల్లో మరో ధ్రువణం చిమ్ముతాయి. పెద్ద కోణాల దగ్గర ఈ రెండూ మూపురం కన్నా బలమైనవి. ప్లాంక్ 353 గిగాహెర్ట్జ్ దగ్గర ధూళి పటాన్ని అంతకు ముందెప్పుడూ లేనంత శుభ్రంగా గీసింది. ఆ పటంతో తుడిస్తే, మొదటి నక్షత్రాల ఖాతాలో రాసుకున్న వెలుగులో కొంత మన వీధి ధూళిదని తేలింది. మిగిలినది చిన్నది, నిఖార్సైనది.

తొలి విలువ అతిశయోక్తి, చివరిది స్వభావోక్తి. ఉన్నది ఉన్నట్టు చెప్పడం అలంకారమేనా అని పూర్వం వాదాలు జరిగాయి. దండి మాత్రం తన అలంకారాల వరసలో స్వభావోక్తికి మొదటి పీట వేశాడు. ఈ చిన్న మూపురాన్ని చూశాక నాకు దండి పక్షమే సబబనిపిస్తుంది. 0.17 అన్నప్పుడు కథ రంజుగా ఉంది, కానీ దాన్ని నమ్మాలంటే అసాధారణ నక్షత్రాలు కల్పించుకోవలసి వచ్చింది. 0.054 దగ్గర అలాంటి కల్పన అక్కరలేదు. హబుల్ చూసిన మామూలు చిన్న గెలాక్సీల వెలుగే లెక్కకు దాదాపు సరిపోతుందని చాలామంది చూపగలిగారు. ఆర్భాటం తగ్గింది, అన్వయం కుదిరింది.

ఉపగ్రహాలకే సాధ్యమనుకున్న ఈ కొలత ఇప్పుడు నేల మీంచీ వచ్చింది. చిలీలోని అటకామా ఎడారిలో, సెరో టోకో కొండ మీద, దాదాపు 5,200 మీటర్ల ఎత్తున జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం నడిపే క్లాస్ దూరదర్శినులున్నాయి. వాతావరణం, భూమి వేడి, మన రేడియోలూ రాడార్లూ, అన్నీ మూపురాన్ని ముంచేసేవే. క్లాస్ ఉపాయం సరళమైనది. కాంతి లోపలికి అడుగుపెట్టే మొదటి గడపలోనే సన్నటి తీగల జాలి, దాని వెనక కదిలే అద్దం. ఆ అద్దం సెకనుకు పదిసార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఊగినప్పుడల్లా ధ్రువణం రూపం మారుతుంది, ధ్రువణం లేని గాలి వెలుగు మారదు. మారినదాన్ని ఉంచుకుని మారనిదాన్ని పారేస్తారు. ఇలా ఆకాశంలో మూడొంతులు, ఏళ్ల తరబడి, తిరిగిన చోటే తిరుగుతూ చూశారు. 2025లో ఆ సమాచారాన్ని ప్లాంక్ పటాలతో కలిపి చదివితే టౌ 0.053 వచ్చింది. దోషం ఇంకా ఎక్కువే, 0.018 పైన. అయినా వేరే పరికరం, వేరే పద్ధతి, వేరే దోషాలు, పాఠం మాత్రం అదే.

జగన్నాథ పండితరాయలు మన గోదావరి సీమవాడు. కావ్యం ఇచ్చే లోకోత్తరమైన ఆహ్లాదానికి కారణం ఏమిటని అడిగి, మళ్లీ మళ్లీ అనుసంధానం చేసే భావన అని సమాధానం చెప్పుకున్నాడు. మొదటిసారికే అందేది రసం కాదని ఆయన ఎరుగు. సెకనుకు పదిసార్లు అదే వెలుగును తిప్పి తిప్పి చూసే ఆ అద్దం చేసేది అలాంటి అనుసంధానమే.

*

విమర్శకుడు గుణాలతో ఆగిపోతే అది స్తోత్రమవుతుంది. ఈ సాక్ష్యానికి పరిమితి ఉంది. టౌ ఒక మొత్తం. మన నుంచి అంత దూరం దాకా దారిలో ఉన్న ఎలక్ట్రాన్లన్నిటినీ కూడగా వచ్చిన రాశి. అందులో అచ్చంగా మొదటి తరం నక్షత్రాల వాటా ఎంత, వాటి తర్వాత వచ్చిన గెలాక్సీల వాటా ఎంత అని అది విడదీయదు. బాగా ముందే వెలిగినవాటి వాటా చాలా స్వల్పమని మాత్రం ప్లాంక్ చెప్పగలిగింది. హైడ్రోజన్, హీలియం తప్ప ఎరగని ఆ నక్షత్రాన్ని నిస్సందేహంగా, విడిగా, ఇంతవరకు ఎవరూ చూడలేదు.

ఇదే దాని శక్తి అని కూడా నేనంటాను. ఆనందవర్ధనుడు ధ్వనిని కావ్యానికి ఆత్మ అన్నప్పుడు, వాచ్యార్థం తనను తాను వెనక్కి తీసుకుని మరో అర్థానికి దారివ్వడాన్ని మెచ్చాడు. ఇక్కడ వాచ్యార్థం ఎలక్ట్రాన్లు. వాటిని విడిపించిన చేయి వ్యంగ్యం. 2003లో పత్రికలు ఆ వ్యంగ్యాన్ని వాచ్యం చేసేసి, తొలి నక్షత్రాల పుట్టిన తేదీ దొరికిందని ప్రకటించాయి. విలువ చిన్నదయ్యాక ఆ తొందర పోయింది. ఎలక్ట్రాన్లు ఇన్ని, ఇంచుమించు ఈ కాలంలో అని చెప్పి గీత ఆగిపోతుంది. వెలిగించినది ఎవరన్నది సహృదయుడికి వదిలేస్తుంది.

ఇప్పుడు దానిమీద ఒత్తిడి కూడా వస్తోంది. జేమ్స్ వెబ్ దూరదర్శిని విశ్వానికి 30 కోట్ల ఏళ్లైనా నిండని కాలంలో గెలాక్సీలను చూపుతోంది. 2024, 2025ల్లో వాటి దూరాలు వర్ణపటంతో నిర్ధారణ అయ్యాయి. అవి చిమ్మే అతినీల కాంతిని కూడితే అయనీకరణం ప్లాంక్ చెప్పినదానికన్నా ముందే ముగిసిపోవాలని కొందరి లెక్క. మరోవైపు అరిజోనాలోని డెసీ సర్వే గెలాక్సీల అమరికను కొలిచి నేపథ్య వికిరణంతో జోడిస్తే న్యూట్రినోల బరువు ప్రయోగశాలలు చెప్పే కనీసానికన్నా తక్కువ వైపు మొగ్గుతోంది. టౌ 0.09 దరిదాపుల్లో ఉంటే ఆ చిక్కు సడలుతుందని కొందరు చూపారు. టౌ పెరిగితే ఇద్దరికీ హాయి. మూపురం మాత్రం ఒప్పుకోవడం లేదు. పొరపాటు గెలాక్సీల లెక్కలో ఉందా, న్యూట్రినోల్లో ఉందా, మూపురాన్ని తుడిచిన ధూళి గుడ్డలో ఉందా అన్నది ఇంకా తేలలేదు. విశ్వశాస్త్రపు ఇతర ముఖ్య సంఖ్యలన్నీ నూటికి ఒకటి స్థాయిలో తెలిసిన కాలంలో, ఈ ఒక్కటి నూటికి పదమూడు దోషంతో కూర్చుని మిగతా వాటి జాతకాలు నిర్ణయిస్తోంది.

*

హిజ్లీ పని ఇక్కడే ముఖ్యం. ధ్రువణం విడివడ్డ ఎలక్ట్రాన్లను లెక్కిస్తుంది. ఇంకా విడివడని హైడ్రోజన్ మాటేమిటి? దానికీ ఒక గొంతు ఉంది, 21 సెంటీమీటర్ల రేడియో తరంగం. విశ్వ విస్తరణతో అది సాగి, అయనీకరణ యుగం నుంచి రెండు మీటర్ల తరంగంగా, 150 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల మనకు చేరుతుంది. భరద్వాజ్ 2001లో శివ్ సేఠీతో కలిసి, రేడియో దూరదర్శినుల జతలు నమోదు చేసే సంకేతాల మధ్య పొంతనల నుంచే ఆ హైడ్రోజన్ హెచ్చుతగ్గులను ఎలా రాబట్టవచ్చో చూపాడు. బొమ్మ గీసి చూడడం కన్నా, పరికరం ఇచ్చే కొలతను నేరుగా చదవడం ఆ పద్ధతిలోని సొగసు. తర్వాత షేక్ సయ్యద్ అలీ, జయరాం చెంగలూరులతో కలిసి పుణె దగ్గరి జీఎంఆర్‌టీతో, 45 మీటర్ల 30 పళ్లేలతో, 153 మెగాహెర్ట్జ్ దగ్గర ఆకాశాన్ని కొలిచి 2008లో ప్రచురించారు. అక్కడా అదే శత్రువు: మన పాలపుంతా, దారిలోని రేడియో గెలాక్సీలూ కలిసి అసలు సంకేతం కన్నా వేల రెట్ల వెలుగుతో అడ్డం నిలిచాయి. ఆ అడ్డును ఒడుపుగా వర్ణించడమే ఆ వ్యాసాల పని. సంకేతం ఇంకా దొరకలేదు.

ఈ రంగంలోనూ అతిశయోక్తికి ఒక పాఠం జరిగింది. 2018లో ఆస్ట్రేలియాలోని ఎడ్జెస్ పరికరం తొలి నక్షత్రాల కాలపు హైడ్రోజన్ వల్ల రేడియో వర్ణపటంలో పడిన పల్లాన్ని 78 మెగాహెర్ట్జ్ దగ్గర చూశానన్నది. ఊహించినదానికి రెట్టింపు లోతు. బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థ తన సారస్ యాంటెన్నాను 2020లో కర్ణాటకలో దండిగానహళ్లి చెరువు మీదా, శరావతి వెనక నీళ్ల మీదా తేల్చి కొలిచింది. కింద నేల బదులు ఒకే తీరు నీళ్లుంటే పరికరం చేసే మాయ తగ్గుతుందని. 2022లో వచ్చిన ఫలితం: ఆ లోతైన పల్లం కనబడలేదు. రామన్ సముద్రపు తళుకును తుడిచి నీలాన్ని చూశాడు. ఆయన పేరింటివాళ్లు నీళ్ల మీద నిలబడి లేని నీలాన్ని తుడిచారు.

రెండు విద్యలూ ఒకరోజు కలవాలి. ఎలక్ట్రాన్ల రాశి ధ్రువణం చెబుతుంది, మిగిలిన హైడ్రోజన్ బుడగల మధ్య ఎలా పరచుకుందో 21 సెంటీమీటర్ల తరంగం చెబుతుంది. ఒకటి మొత్తం, ఒకటి వివరం. మూపురం దాచుకున్న కర్త పేరు రెండూ కలిస్తేనే తెలియవచ్చు.

ధ్రువణం వైపు ఇక మిగిలిన పని ఎంత? జపాన్ నాయకత్వంలో 2030లలో పంపాలని తలపెట్టిన లైట్‌బర్డ్ ఉపగ్రహం టౌను ప్రకృతి అనుమతించే చివరి హద్దు దాకా కొలవాలని ఉద్దేశం. హద్దు పరికరానిది కాదు, ఆకాశానిది. మూపురం ముఖ్యంగా గ్రాఫు ఎడమ చివర, అతి పెద్ద కోణాల తాలూకు కొద్ది మెట్ల మీదే ఉంది. రెండో మెట్టులో ఆకాశం ఇవ్వగల స్వతంత్ర సంఖ్యలు అయిదు, మూడోదానిలో ఏడు, నాలుగోదానిలో తొమ్మిది, అయిదోదానిలో పదకొండు. కూడితే 32. అనుష్టుప్పు శ్లోకానికీ 32 అక్షరాలే. పాదానికి ఎనిమిది చొప్పున సమంగా ఉండవు గానీ, మొత్తం అంతే. మనకున్నది ఒక్క ఆకాశం. రెండో ప్రతి లేదు, ఎంత గొప్ప దూరదర్శిని కట్టినా ముప్పై మూడో అక్షరాన్ని ఈ నాలుగు మెట్ల మీద పుట్టించలేదు. అందులోనూ కొన్ని అక్షరాల మీద పాలపుంత ధూళి పడి ఉంది. ఆ కొద్ది అక్షరాలను తొందరపడి చదివినప్పుడు నక్షత్రాల యుగం 20 కోట్ల ఏళ్లకు వచ్చింది, తుడిచి చదివినప్పుడు 70 కోట్లకు జరిగింది. ఇంత చిన్న పాఠం మీద ఇంత పెద్ద కాలం ఆధారపడి ఉన్నప్పుడు శాస్త్రజ్ఞుడికైనా రసజ్ఞుడికైనా కావలసిన మొదటి గుణం ఒక్కటే: అక్షరం తనంత తాను చెప్పినదానికన్నా ఎక్కువ దాని నోట పలికించకపోవడం.